కడుపుబ్బిన పైపు

కేతేపల్లిలో రోడ్డు పక్కన, రేకుల షెడ్డు కింద నిప్పురవ్వలు ఎగరేస్తూ కూర్చునే ఆడమనిషి భాగ్యలక్ష్మి. చీర మీద మగవాళ్ల చొక్కా, కళ్లకు నల్లద్దాలు. ఏడో తరగతితో బడి మానేసి, తండ్రి పరశురాములు పక్కన ఇనుప ముక్కలు పట్టుకుని నిలబడి వెల్డింగ్ నేర్చుకుంది. మొదట అతికించిన గేటు లోపలికి తెరుచుకోవాల్సింది కాస్తా బయటికి తెరుచుకుంది. ఊరంతా నవ్వితే అందరికంటే ఎక్కువ తనే నవ్వి, రాత్రికల్లా విప్పి సరిచేసింది. తండ్రి పోయాక షెడ్డు ఆమెదే అయింది. ఆడదాని అతుకు ఎన్నాళ్లుంటుందని మూతి తిప్పినవాళ్ల ఇళ్లకే ఇప్పుడు ఆమె చేసిన గేట్లున్నాయి.

అలాంటి మనిషి పరువు ఐలేశం మిషను దగ్గర ఇరుక్కుంది.

ఊరి వరుసకు ఆమెకు మామ అయ్యే ఐలేశానికి నూట ఇరవై గొర్రెలు. వాటి కోసం జొన్నచొప్ప ముక్కలు చేసే మోటారు మిషను కొన్నాడు. మోటారు తిరుగుడును కత్తుల దాకా తీసుకుపోయే ఇనుప కడ్డీనే షాఫ్టు అంటారు. చొప్ప ఇరుక్కుంటే కత్తులు ఆగుతాయి, మోటారు ఆగదు. నడుమ షాఫ్టు మెలి తిరుగుతుంది. నెలలో రెండుసార్లు అలాగే అయింది. రెండుసార్లూ ఐలేశం పట్టుబట్టి అడిగిన అంగుళం లావు కడ్డీనే ఆమె వేసింది. అయినా హోటల్ దగ్గర కూర్చుని "భాగ్యలక్ష్మి పని నిలుస్తలేదు" అని చాటింది ఆయనే! ఆ మాట విని ఇద్దరు గొల్లలు తమ మిషన్లు నకిరేకల్ తీసుకుపోయారు. మూడోది కూడా మెలి తిరిగితే ఇక షెడ్డు ముందు ఎవరూ ఆగరు.

మూడోసారి ఐలేశం తన పెళ్లాం బక్కమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. భాగ్యలక్ష్మి రెండంగుళాల లావు పైపు తీసి ముందు పెట్టింది.

"మామా, ఈపారి గిది ఎయ్యనీ."

ఐలేశం ఒక చేత కడ్డీని, ఒక చేత పైపును లేపాడు. రెండూ ఒకే పొడవు. సంతలో పొట్టేలును లేపి తూకం చెప్పే చేతులవి. "రెండూ ఒక్కటే బరువు" అన్నాడు. నిజమే. తప్పు ఆ తర్వాత చేశాడు. "గీ కడ్డీ కండ పట్టిన పొట్టేలు. గిది కడుపుబ్బిన గొర్రె. పైకి లావు, లోపలంత గాలి. నన్ను గాలి కొనుమంటున్నవా కోడలా?"

"గట్లనా! అయితే నువ్వే మెలిపెట్టి సూడు. పైపు మెలి తిరిగితే నా పని నిలువదని నేనే ఊరంత చెప్పుకుంట తిరుగుత."

షెడ్డు ముందు భూమిలో అడ్డంగా పాతిన పొడవాటి పాత రైలుపట్టా ఉంది. దాని మీద ఆ కొసన కడ్డీని, ఈ కొసన పైపును నిలువుగా నిలబెట్టి అడుగులు అతికించింది. ఒక్కోదాని నెత్తిన ఆరడుగుల ఇనుప గొట్టం అడ్డంగా బిగించింది. పైనుంచి కిందికి సుద్దముక్కతో నిలువు గీత గీసింది. హోటల్లో చాయ్ తాగేవాళ్లు గ్లాసులతోనే లేచి వచ్చారు.

ఐలేశం ముందుగా కడ్డీ మీది గొట్టాన్ని పట్టి, గానుగెద్దులా నడుస్తూ నెట్టాడు. రెండడుగులకే కడ్డీ లొంగింది. ఇంకో రెండు చుట్లు తిరిగేసరికి సుద్ద గీత జడకు చుట్టిన రిబ్బనులా చుట్టుకుపోయింది.

"ఇగ గాలిని నెట్టు మామా!"

నెట్టాడు. భుజం ఆనించి నెట్టాడు. చెప్పులు మట్టిలో జారాయి, గీత మాత్రం వంకర పోలేదు.

"బక్కా, నిలబడి సూస్తవేందే, పట్టు!"

బక్కమ్మ కొంగు బిగించి రెండో కొసను పట్టింది. ఇద్దరూ గొట్టాన్ని పట్టుకుని గింజుకున్నారు. చూసేవాళ్లు ఈలలు వేశారు. సుద్ద గీత అలాగే నిలుచుంది.

"మందు పెట్టినవా ఏంది దీనికి?" ఐలేశం చెమట తుడుచుకున్నాడు.

"మెలిపెడితే కష్టమంత పైపొరదే మామా. నడిమిల ఉన్న ఇనుము ఊకెనే కూసుంటది. గా కూసున్నదాన్ని తీసి బయటికి పెట్టిన, అంతే."

"మా ఇంట్ల నడుమ కూసున్నోన్ని గూడ తీసి బయటేస్తవా బిడ్డా?" అంది బక్కమ్మ. హోటలాయన చాయ్ ఒలకబోసుకున్నాడు.

భాగ్యలక్ష్మి మాట దాచలేదు. కడ్డీ కూడా రెండంగుళాల లావుంటే పైపు కంటే గట్టిగానే ఉండేది, కానీ నాలుగింతల బరువు, నాలుగింతల ఇనుము. పైపును సుత్తితో కొడితే సొట్ట పడుతుంది. అందుకే బోల్టులు బిగించే కొసల్లోపల గట్టి ముక్కలు దిగ్గొట్టి అతికించింది. లావు షాఫ్టుకు సరిపడే పెద్ద బేరింగులూ వేసింది. సాయంత్రానికి మిషను ఐలేశం పాకలో నిలబడింది. ఆయన కావాలనే ఒకేసారి రెండు మోపుల చొప్ప దోపాడు. మిషను మూలిగింది, మోటారు బెల్టు జారి కీచుమంది, పైపు మాత్రం అలాగే ఉంది. చొప్ప గుంజి మళ్లీ వేస్తే ముక్కలు జలజలా రాలాయి. గొర్రెలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

వారం తిరక్కుండా నకిరేకల్ పోయిన ఇద్దరు గొల్లలూ మిషన్లు ట్రాలీలో వేసుకుని షెడ్డు ముందు దింపారు. భాగ్యలక్ష్మి అద్దాలు నెత్తికి ఎత్తి చూసింది. వాళ్ల ముందు ఐలేశం చేతులు తిప్పుతూ నిలబడి ఉన్నాడు.

"నేనే చెప్పిన కోడలికి, పైపు ఎయ్యుమని. దేనికైన లోపల గాలి ఉండాలెరా!"

"అవునవును," అంది వెనక నుంచి బక్కమ్మ, "నీ తలకాయ సూసే నేర్సుకున్నది పాపం!"

భాగ్యలక్ష్మి నవ్వాపుకోలేక అద్దాలు కిందికి దించుకుని, కొత్త పైపు మీద సుద్దముక్కతో కొలత గీసింది.