ఆ లివరు నేను చేయలేదు

మా తోడల్లుడు పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను క్లాసులో బోర్డు మీద గేరు పన్ను గీస్తున్నాను. పొద్దున్నే మిల్లు డ్యూటీకి బయల్దేరుతూ, బూటు లేసు కట్టుకోవడానికి వంగినవాడు మళ్లీ లేవలేదట. గుండె ఆగిపోయింది. యాభై నాలుగేళ్లు, నాకంటే నాలుగేళ్లు చిన్న. రాయగడ నుంచి అతనుండే జేకేపూర్ ఎంతో దూరం లేదు. అయినా నేను వెళ్లేసరికే అతని క్వార్టరు ముందు చెప్పులు పెట్టడానికి చోటు లేదు.

మర్నాడు సమాధుల తోటకి కొండ ఊళ్ల నుంచి ఆటోల్లో జనం వచ్చారు. వాళ్లలో సగం మంది మా చర్చివాళ్లు కాదు, తెలుగువాళ్లు కూడా కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక అతను సంచీలో స్పానర్లు వేసుకుని ఆ ఊళ్లకి పోయి, పాడైన బోరింగులు బాగుచేసి వచ్చేవాడు. ఆ నీళ్లు తాగినవాళ్లంతా వచ్చారు. నేను పోతే ఇంతమంది వస్తారా అనుకున్నాను. పెట్టె ఇంకా మట్టిలోకి దిగలేదు, నాకు అప్పుడే కడుపుమంట మొదలైంది. ఇది దాచిపెట్టి నాలుగు మంచి మాటలు రాయమంటే రాయగలను. కానీ ముప్పై ఏళ్లు అతన్ని చూసి కుళ్లుకున్నవాణ్ణి. నాకు అతను బాగా తెలిసింది ఆ కుళ్లువల్లే.

నేను పెద్దల్లుణ్ణి. డిప్లొమా చదివి, రాయగడలో ఒక సాంకేతిక సంస్థలో మెషిన్ డ్రాయింగ్ చెబుతాను. అతను ఐటీఐ ఫిట్టరు, మా ఆవిడ చెల్లెల్ని చేసుకున్నాడు. మా అత్తగారు కొరాపుట్‌లో నర్సుగా చేసి అక్కడే స్థిరపడ్డారు. నెలకో ఆదివారం ఇద్దరల్లుళ్లం రైలెక్కి భోజనానికి వెళ్లేవాళ్లం. మొదటి వడ్డన నాకే, పెద్దల్లుణ్ణి కదా. కానీ నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అతను మిక్సీ విప్పి ముందు పోసుకునేవాడు, అత్తగారు పక్కన పీట వేసుకుని కబుర్లు చెబుతుండేవారు. నాతో ఆవిడ ఎప్పుడూ పీట వేసుకుని మాట్లాడలేదు. నాకు గౌరవం ఇచ్చేవారు. అతనికి పని చెప్పేవారు. ఈ రెంటిలో ఏది ఎక్కువో అల్లుళ్లయినవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు.

అతనికి చొక్కా జేబులో ఎప్పుడూ ఒక కాటుక డబ్బీ ఉండేది, పెళ్లాం వాడి పారేసింది. మిల్లులో తోటివాళ్లు ఏడిపించినా మానలేదు. రెండు ఇనప ముక్కలు ఎక్కడ ఒరుసుకుంటున్నాయో తెలియాలంటే కాటుక రాసి ఒకసారి కదిపేవాడు. ఒరుసుకున్నచోట నలుపు పోతుంది, అక్కడ మాత్రమే ఆకురాయి పెట్టేవాడు. "బలం పెట్టకన్నయ్యా. అది ఎటెల్తానంటాదో అడుగు," అనేవాడు. ఇనుముని అడగడమేమిటని నేను నవ్వేవాణ్ణి.

ఆరేళ్ల కిందటి సంగతి ఒకటి చెప్పాలి. ఈ నాలుగు కాగితాలు దానికోసమే.

కొరాపుట్‌లో ఒక పాత బంగళాలో చిన్న ప్రదర్శనశాల తెరవబోతున్నారు. పాత కచేరీ గదుల్లో దొరికిన వస్తువుల్లో ఒక రివాల్వరు ఉంది, తూటాలు పుట్టకముందుది. పేలడానికి పనికిరాకుండా గొట్టం మూసేశారు, మందు పేల్చే సుత్తి తీసేశారు. గొట్టం కింద ఉండాల్సిన లివరు మాత్రం ఎప్పుడో ఊడిపోయింది. అది చేసిపెట్టమని మా సంస్థకి ఉత్తరంతో పాటు రివాల్వరూ పంపారు.

ఆ లివరు ఎందుకో తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఆ రోజుల్లో రివాల్వరు చక్రంలో ఉన్న ఒక్కో గదిలో మందు పోసి, పైన సీసపు గుండు పెట్టేవారు. గుండు గది నోటికంటే రవంత పెద్దది, అదిమితే తప్ప దిగదు. మొదట్లో చక్రాన్ని ఊడదీసి, వేరే పనిముట్టుతో అదిమి, మళ్లీ బిగించుకునేవారు. తర్వాత ఎవరో తెలివైనవాడు గొట్టం కిందే మడిచిపెట్టుకునే లివరు తగిలించాడు. కిందికి లాగితే దాని మొదట్లో ఉన్న చిన్న రాడ్డు తిన్నగా గదిలోకి పోయి గుండుని దింపుతుంది. చక్రం ఊడదీసే బాధ తప్పింది. చూడ్డానికి గుప్పెడు పని, కానీ గుర్రం మీద ఉన్నవాడికి అదే ప్రాణం.

ఆ ఏడే మా సంస్థలో నన్ను వర్క్‌షాపు ఇన్‌చార్జిగా వేయాలా, బయటినుంచి ఎవర్నైనా తేవాలా అనే మాట నడుస్తోంది. నాకు చేతిపని రాదని స్టాఫ్ రూములో అనుకునేవారు. ఈ లివరు చేసి చూపిస్తే ఆ నోళ్లు మూతపడతాయి. ఒక బొమ్మ సంపాదించి, స్కేలు పెట్టి కొలిచి, మూడు వైపుల నుంచి డ్రాయింగ్ గీశాను. డ్రాయింగ్‌లో తప్పు లేదనుకున్నాను. దాని ప్రకారం చేసిన లివరు మాత్రం సగం దిగి బిగుసుకుపోయేది. రాడ్డు లావైందనుకుని అరగదీశాను. మళ్లీ బిగిసింది, మళ్లీ అరగదీశాను. చివరికి రాడ్డు గదిలో వదులు పన్నులాగా ఊగడం మొదలెట్టింది, అప్పటికీ బిగుసుకుంటూనే ఉంది.

ఒక శనివారం అత్తగారు పంపిన చేపల పచ్చడి సీసా ఇవ్వడానికి అతను వర్క్‌షాపుకి వచ్చాడు. బెంచీ మీద చూశాడు. ముట్టుకోలేదు. తల ఒక పక్కకి వాల్చి కాసేపు చూసి అడిగాడు.

"లివరు గుండ్రంగా తిరుగుతాది కదన్నయ్యా. రాడ్డేమో తిన్నగా ఎల్లాలి. రెండూ ఒకే పిన్నుకి కట్టేస్తే ఎలాగెల్తాది?"

"బొమ్మలో అలాగే ఉంది," అన్నాను.

"బొమ్మలో పైపైదే కనబడతాది. బోరింగు సూడు. హేండిలు గుండ్రంగా తిరుగుతాది, లోన రాడ్డు నిట్టనిలువునా దిగుతాది. మద్దెన ఏదో ఉండాల కదా."

మధ్యన చిన్న లింకు ఉండాలి. రెండు చివరలా రెండు పిన్నులతో, అటూ ఇటూ ఊగే వేలెడంత ముక్క. ఇరవై ఐదేళ్లుగా పిల్లలకి నేను బోర్డు మీద గీసి చెబుతున్న పాఠమే అది. ఆ బొమ్మలో లింకు లోపల దాగి ఉందని, కనబడనిది గీతల చాటున ఉంటుందని, డ్రాయింగ్ మాష్టార్నయిన నాకు తట్టలేదు. బోర్లు బాగుచేసేవాడికి తట్టింది.

ఆ మధ్యాహ్నం ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడు. ముక్క కోశాడు, చిల్లులు వేశాడు, కొత్త రాడ్డు తీశాడు, కాటుక రాసి కదిపాడు, రెండుసార్లు ఆకురాయి పెట్టాడు, మళ్లీ కదిపాడు. టీ తెప్పిస్తే చల్లారిపోయింది. సాయంత్రం అయిదింటికి లివరు లాగాడు. రాడ్డు వెన్నలోకి దిగినట్టు గదిలోకి దిగింది, వెనక్కి మడిస్తే టక్కున కూర్చుంది. ఆ చప్పుడుకి నేను సంతోషించాలి. నాకు ఒళ్లు మండిపోయింది. చేతులు తుడుచుకుని, సంచీ తీసుకుని, "పచ్చడి ఎండలో పెట్టకన్నయ్యా," అని వెళ్లిపోయాడు.

ప్రదర్శనశాల తెరిచిన రోజు ఇద్దరం వెళ్లాం. అక్కడి వ్యవహారాలు చూసే ఒడియా పెద్దమనిషి లివరుని రెండుసార్లు కదిపించి చూసుకుని, "ఎయిటా కియె కరిఛి?" అన్నాడు. ఇది ఎవరు చేశారని. అతను నా పక్కనే ఉన్నాడు. నాకంటే అతనికే ఒడియా బాగా వచ్చు. ఒడియాలో "నేను" అనడానికి ఒక్క అక్షరం చాలు.

"ముఁ," అన్నాను.

అతను ఒకసారి నా వైపు చూసి, మళ్లీ అద్దాల బీరువా వైపు తిరిగాడు. కార్డు మీద నా పేరు రాశారు. మూడు నెలలకి నేను ఇన్‌చార్జినయ్యాను. ఆ ఆదివారం అత్తగారింట్లో, "అన్నయ్యకి తలకాయ ముక్కెయ్యండత్తా," అని అతనే అన్నాడు. చేప తలకాయ నా కంచంలో పడింది. తిన్నాను.

అతన్ని దేవదూతని చేయబోవడం లేదు. అతనికీ కరిచే పళ్లున్నాయి. పోట్లాడతాడేమోనని నేను జవాబులన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంటే పోట్లాడలేదు. ఆ తర్వాత నెలకి, చర్చి ఆవరణలో బోరింగు కొడుతున్న నన్ను చూసి పాస్టరు గారి ముందు అమాయకంగా అడిగాడు.

"అన్నయ్యా, ఇదీ నువ్వే సేసేవా?"

అందరూ నవ్వారు. ఎందుకో వాళ్లకి తెలియదు, నాకు తెలుసు. ఇక అక్కణ్ణుంచి చెరుకురసం మిషను కనబడినా, గోళ్లు తీసుకునే కట్టరు కనబడినా, లివరు లాంటిది ఏదున్నా సరే అదే ప్రశ్న. ఆరేళ్లు. నేనూ అందరితో కలిసి నవ్వేవాణ్ణి. లోపల మాత్రం, వీడికి ఇంత నిమ్మళం ఎక్కడిదిరా అని ఏడ్చేవాణ్ణి. ఆ కుర్చీ నాకు దక్కింది, పేరు నాకు దక్కింది, అయినా అసూయ పడేది నేనే. అతనికి పోయిందేమీ లేనట్టుండేవాడు. అది నేను ఓర్చుకోలేకపోయాను.

మట్టి చేసిన నాలుగో రోజున మా అత్తగారు పిలిచి, జ్ఞాపకార్థ కూడికలో పంచడానికి కరపత్రం రాయమన్నారు. "సదువుకున్నోడివి, నువ్వే రాయి బాబూ," అన్నారు. రెండుసార్లు రాసి చించేశాను. ఆ తర్వాత మూడోరోజు ఆవిడ దగ్గరికి పోయి జరిగింది చెప్పేశాను. ఆవిడ బియ్యం ఏరుతున్నారు. చాట దించలేదు.

"ఆడున్నప్పుడు సెప్పలేకపోనావా?" అన్నారు.

నేనూ కింద కూర్చుని చాటలో ఒక రాయి ఏరబోయాను.

"నాకు సెప్పేవు గానీ ఏటి లాభం. నేను ఆడికి సెప్పగల్నా?" ఆవిడే రాయి ఒకటి ఏరి పక్కన పెట్టి, "రాయి. ఉన్నదున్నట్టు రాయి. కూడికలో నేనే పైకి సదువుతాను," అన్నారు.

మా మరదలు వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమెకి ముందే తెలుసు, భర్త చెప్పే ఉంటాడు. నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కొరాపుట్ ప్రదర్శనశాలలోని ఆ రివాల్వరు లివరు చేసింది నా తోడల్లుడు. నేను గీసిన బొమ్మ తప్పు. ఈ కాగితం మా ప్రిన్సిపాల్ గారికీ ఒకటి ఇస్తున్నాను. కుర్చీ సంగతి ఆయన చూసుకుంటారు. రాత్రి పడుకునే ముందు అది పోతుందేమోనని భయం వేస్తూనే ఉంది, ఆ భయం లేదని మాత్రం చెప్పలేను.

మొన్న గురువారం కొరాపుట్ వెళ్లాను. ప్రదర్శనశాల పెద్దమనిషి నా మాట విని, చాలాసేపు కళ్లజోడు తుడుచుకుని, కొత్త కార్డు తెచ్చి నా ముందే పెట్టాడు. అతని పేరు రాశాను. ఆ కింద, డ్రాయింగ్ అని నా పేరు వేసుకోవచ్చు కదా అని పెన్ను ఒక నిమిషం ఆగింది. తప్పు డ్రాయింగ్‌కి పేరెందుకని మూత పెట్టేశాను. ఆయన కార్డుని బీరువాలో అమర్చి తాళం వేశాడు.

అప్పుడే ఒక బడి నుంచి ఆడపిల్లలు వరసగా వచ్చారు. చలికి స్వెట్టర్లు వేసుకున్నారు. అందులో ఒక తెలుగు పిల్ల బీరువా దగ్గర ఆగి, అద్దానికి ముక్కు ఆనించి, కార్డు మీద పేరు పైకి చదివింది.

"ఈయనెవురండీ?" అని నన్ను అడిగింది.

"మా తోడల్లుడమ్మా," అన్నాను. మరి మీరెవరని అడుగుతుందేమోనని నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, అడగాలని నిలబడ్డాను. ఆ అమ్మి అప్పటికే పక్క బీరువా దగ్గరికి వెళ్లిపోయింది.

ఆమె ఊపిరికి అద్దం మీద ఆవిరి పట్టి, పేరు కనబడకుండా పోయింది. చొక్కా అంచుతో తుడవబోయి చెయ్యి ఆపుకున్నాను. మెల్లగా, దానంతటదే, ఒక్కో అక్షరం మళ్లీ బయటికి వచ్చింది.