లాభం, రెండు, మూడు

ముప్పై ఏళ్లు స్టీలు ప్లాంటులో కడ్డీల నాణ్యత చూసి రిటైరయ్యాక, నా తనిఖీలు వంటింట్లోకి మళ్లాయి. పప్పులో ఉప్పు గురించి నోరెత్తిన మూడో రోజున మా ఆవిడ, ఊరికి ఉపకారం ఏదైనా చెయ్యమని నన్ను గుమ్మం దాటించింది. అలా మత్స్యకారుల పేటలోని ప్రాథమిక పాఠశాలలో, వారానికి రెండు పూటలు, లెక్కలకూ చదువుకూ భయపడే పిల్లలకు ధైర్యం చెప్పే పని దొరికింది. జీతం లేదు కాబట్టి నా మాటకు తిరుగు కూడా లేదు.

మొదట పిల్లల స్థాయి తేల్చాలన్నారు. చింతగింజలు లెక్కపెట్టించడం, నాలుగు వాక్యాలు చదివించడం, కాగితం మీద టిక్కు పెట్టడం. నాకు చేతనైన పనే. కడ్డీ అయినా పిల్ల అయినా నా చేతిలో పెన్ను ఒకటేగా.

మూడో తరగతి పాప ఒకతె నా ముందు కూర్చుంది. గింజలు గబగబా జరుపుతూ "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టింది. ఆపాను. ఒకటి నుంచి లెక్కపెట్టమన్నాను. తలూపి, మళ్లీ లాభం అంది. మూడోసారి కొంచెం గట్టిగానే చెప్పాను. ఇక నోరు తెరవలేదు. 'ఒకటి కూడా రాదు' అని రాసి, ఒకటో తరగతి పిల్లల వరసలో, తన చెల్లెలి పక్కన కూర్చోబెట్టాను. పునాది నుంచి కడుతున్నానని నాకు ఎంతో తృప్తి.

రెండు వారాలు గడిచాయి. అంతకుముందు తడుముకోకుండా చదివే పాఠం కూడా పాప చదవడం మానేసింది. చదవమంటే చెల్లెలి వైపు చూసేది. సిగ్గనుకున్నాను, బద్ధకమనుకున్నాను. తప్పు నాదై ఉంటుందని మాత్రం తట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల నాయనమ్మ వచ్చింది. చేపల రేవు నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఖాళీ గంప గుమ్మం బయట పెట్టి లోపలికొచ్చింది. కోప్పడినా బాగుండేది.

"మా పిల్లకి లెక్క రాదని రాసీసినారంట గదా బాబూ. దానికి నేర్పింది నానే. సేపలు లెక్కెట్టినప్పుడు మొదటి సేపని లాభం అనాల. ఒకటి అనీస్తే ఒకటి కాడే ఆగిపోద్దని మా పెద్దోళ్లు సెప్పినారు. మీ కాడ అనరేటి?"

అంటారు. మా గోదావరి వైపు కళ్లంలో తాతయ్య కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచం లాభమే. పక్కన నిలబడి గట్టిగా అరిచినవాణ్ణి నేనే. ఆ సంగతి ఆవిడకు చెప్పకుండా, రేపు చూస్తానని పంపేశాను. ఇంటికెళ్లి మా ఆవిడతో చెబితే, చదవేస్తే ఉన్న మతి పోయిందని ఒక్క ముక్కలో తేల్చేసింది.

మర్నాడు నా వంతు కాకపోయినా బడికి వెళ్లాను. కాగితం మీద రాసింది కొట్టేసి, పాపను తన తరగతిలో కూర్చోబెట్టి, పొరపాటు నాదేనని అందరి ముందూ చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. గింజలు ముందు పోసి, నీకు నచ్చినట్టే లెక్కపెట్టమన్నాను.

పాప ఒక గింజ జరిపింది. "ఒకటి" అని, ఆగి, నా మొహంలోకి చూసింది.

"రెండు అనొచ్చా సార్?"

అనమన్నాను. మూడు కూడా అడిగే అంది.