సంతకం పైన మిగిలిన జాగా

1964 జూన్ నెల. నరసరావుపేట స్టేషను రోడ్డులో నాకో చిన్న టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మూడు మిషన్లు, నాలుగు స్టూళ్ళు, నేను. పొద్దునా సాయంత్రం పిల్లలకు లోయర్, హయ్యర్ పరీక్షలకు నేర్పేదాన్ని. మధ్యాహ్నం జాబ్ వర్క్, అంటే బయటివాళ్ళ కాగితాలు టైపు చేసిపెట్టడం. కోర్టు అఫిడవిట్లు, గట్టు తగాదాల అర్జీలు, బదిలీలకోసం బడిపంతుళ్ళ మొరలు అన్నీ నా చేతిమీదుగానే పోయేవి. ఏ కాగితంలో ఏముంటే పనవుతుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని మహా గర్వంగా ఉండేది.

ఒకరోజు మస్తాన్‌వలీ అనే అతను వచ్చాడు. కారంపూడిలో సైకిళ్ళు బాగుచేసే మీరాసాహెబు కొడుకు. మిలిటరీలో వైర్‌లెస్ పని చేస్తూ ప్రైవేటుగా బి.ఎ. పాసై, ఎం.ఎ. చదవాలని ఆ కొలువు వదిలి వచ్చేశాడు. సీటు కావాలంటే పై అధికారి ఇచ్చిన రికమెండేషన్ లెటర్, టైపు చేసింది, జతపరచాలి. ఆయనుండే కొండల్లో టైపు మిషను లేదు. అందుకని ఆయన చెప్పదలచుకున్నది ఒక కాగితం మీద చేత్తో రాసి, ఇంకో ఖాళీ ఫుల్‌స్కేపు కాగితం అడుగున సంతకం పెట్టి, ముద్ర వేసి పంపించాడు. ఆ సంతకం పైన టైపు చేయించుకోవాలి.

ఖాళీ కాగితం మీద సంతకమా! మా పల్నాట్లో తోడబుట్టినవాడికి కూడా ఎవరూ అలా పెట్టివ్వరు.

"ఒకటే కాగితం టీచరుగారూ," అన్నాడు మస్తాన్. "ఇది చెడితే మళ్ళీ తెప్పించేసరికి గడువు దాటిపోద్ది. వచ్చే ఏడాదికి నా వయసు కూడా దాటిపోద్ది. ఇంక మా నాయన పక్కన కూర్చుని పంచర్లేసుకోటమే."

"గడువెప్పుడు?"

"సోమవారం. ఇయ్యాలే పోస్టులో పడాల."

పని చిన్నదే కానీ మెలిక ఉంది. సంతకం ఎక్కడుందో అక్కడికి సరిగ్గా ముగిసేటట్టు ముందే లైన్లు లెక్కగట్టుకోవాలి. తప్పు పడితే రబ్బరుతో గీకితే మచ్చపడుతుంది. సంతకమున్న కాగితం మీద మచ్చ కనిపిస్తే ఎవరైనా అనుమానిస్తారు. అతన్ని హోటల్లో భోంచేసి రమ్మని పంపి, చిత్తు కాగితం మీద రెండుసార్లు కొట్టి చూసుకున్నాను.

అప్పుడే ఆ అధికారి రాసిన ఒక వాక్యం నా కంటపడింది. "ఒకసారి వైర్‌లెస్‌లో వచ్చిన వార్తను తప్పుగా రాసుకుని, గంటలోపే తనే వచ్చి ఒప్పుకుని, శిక్ష అనుభవించాడు." నాకు ఒళ్ళు మండింది. ఇది సిఫార్సా, పోలీసు రిపోర్టా? శిక్ష అనే మాట కాగితంలో ఉంటే బంట్రోతు నౌకరీ కూడా రాదు, సీటెవడిస్తాడు? ఆ పిల్లాడి మొహం గుర్తొచ్చి జాలేసింది. ఆ వాక్యం వదిలేసి మిగిలినదంతా అందంగా కొట్టేశాను. చివర్లో "ఇతనికి శుభం కలగాలి" అని ఉంది. దానికీ సంతకానికీ మధ్య రెండు లైన్ల జాగా మిగిలింది.

మస్తాన్ వచ్చి నిలబడే చదివాడు. "టీచరుగారూ, నా తప్పు సంగతి ఏదండీ?"

"కంటికి ఆనలేదు బాబూ," అనేశాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం!

"పోన్లెండి, మనిషన్నాక తప్పు జరుగుద్ది," అని అతనే నన్ను ఓదార్చాడు. "నేను ఊరి పేరొకటి తప్పు రాసుకున్నానండీ. మా వాళ్ళు ఇరవైమంది వేరే కొండెక్కి చానా అవస్థపడ్డారు. నోరు మూసుకుంటే నా జతగాడి మీదికి పోయేది. పోయి చెప్పేశా. మా ఆఫీసరుగారు శిక్షా వేశారు, ఆ తరవాత చదువుకోమని పుస్తకాలూ ఇచ్చారు."

ఇంక నేను కూర్చోలేకపోయాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"కంటికి ఆనక కాదు మస్తానూ. కావాలనే వదిలేశాను. నీ మేలు కోరే."

అతని మొహం మాడిపోయింది. "ఆయన నన్ను నమ్మి ఖాళీ కాగితం మీద సంతకం పెట్టారండీ. నేను మిమ్మల్ని నమ్మి మీ చేతికిచ్చా. ఇదేంది టీచరుగారూ?" అన్నాడు.

మిగిలిన ఆ రెండు లైన్ల జాగాయే దిక్కైంది. మిషన్లోంచి తీసిన కాగితాన్ని మళ్ళీ ఎక్కించి, పాత లైన్లతో సమంగా కుదర్చడం ఎంత కష్టమో టైపు చేసేవాళ్ళకే తెలుసు. రిబ్బన్ తప్పించి, ముందే పడిన చుక్క మీద సిరా లేకుండా చుక్క కొట్టి చూసుకుంటూ, వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా రోలరు జరిపాను. అరగంట పట్టింది. నా పక్కనే మస్తాన్ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. వాక్యం సంతకానికి తగలకుండా సరిపోయింది. కానీ చోటు మారిపోయింది. ప్రార్థన ముగిసి ఆమెన్ అన్నాక పాపాల ఒప్పుకోలు వచ్చినట్టు, శుభం తరవాత శిక్ష వచ్చింది. అతని సీటు నా చేతులతో నేనే పోగొట్టానని ఆ రాత్రి అన్నం సహించలేదు.

రెండు నెలలకు మస్తాన్ మళ్ళీ వచ్చాడు. మొహం చూడగానే తెలిసింది, సీటొచ్చింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఇంటర్వ్యూలో పెద్దాయన లెటరంతా చదివి, ఆఖరి లైను మీద వేలు పెట్టారండీ," అన్నాడు. "ఇది శుభం తరవాత ఎందుకొచ్చిందయ్యా అని అడిగారు."

"ఏం చెప్పావు?"

"ఉన్నదే చెప్పా. టైపు చేసిన టీచరుగారు నా మీద జాలిపడి మొదట వదిలేశారు, గంటలోపే ఆవిడే ఒప్పుకున్నారు అన్నా. ఆయన నవ్వి, ఇంకేమీ అడగలేదు."

ఆ తరవాత చాలా ఏళ్ళు టైపు చేశాను. ఎదుటివాడి మేలు కోరైనా సరే, వాళ్ళ కాగితంలో ఒక్క మాట తీయలేదు, కలపలేదు. ఇన్నేళ్ళలో ఎన్నో సిఫార్సులు కొట్టిపెట్టాను గానీ, నా గురించి ఒకరు చెప్పిన సిఫార్సు మాత్రం అదొక్కటే.