పదిహేను అంగుళాల పట్టీ

"...అది చెట్లు కొట్టే రంపం కాదక్కా, కేకు కోసే చాకు. దాన్ని పట్టుకుని అడవిలోకి పోతే చెట్లే నవ్వుతాయి," అన్నాడు సిక్స్‌టెన్.

"కూలి పడుకున్న చెట్లు ఎంతని నవ్వుతాయిరా?" అంది హిల్లెవి.

మోటారు రంపాల దుకాణంలో అక్కాతమ్ముళ్ళు బల్లకు చెరో పక్క నిలబడి ఉన్నారు. బల్ల మీద మూడు రంపాలు. దుకాణం నడిపే ఫోల్కే హిల్లెవితో ఒకే బడిలో చదివినవాడు. కాఫీ కప్పు పట్టుకుని, ఎవరి పక్షమూ కానట్టు చూస్తున్నాడు.

నవంబరు గాలివానకు వాళ్ళ నలభై ఎకరాల అడవిలో నూట ముప్పై స్ప్రూస్ అనే సూదాకుల చెట్లు వేళ్ళతో సహా కూలాయి. మే నెల ఎండ తగిలేలోపు వాటిని బయటికి తియ్యకపోతే బెరడు పురుగు వాటిలో కాపురం పెట్టి, నిలబడ్డ చెట్లకూ పాకుతుంది. ఇప్పుడు మార్చి రెండో వారం. కూలినవాటి కోసమే పెద్ద యంత్రం పంపడం గిట్టదనీ, వస్తే మొత్తం అడవి నరుక్కుంటాననీ గుత్తేదారు చెప్పాడు. ఆ ఒప్పందం కాగితం సిక్స్‌టెన్ కోటు జేబులో ఉంది. అతని సంతకం అయిపోయింది. అడవి ఇద్దరిదీ కాబట్టి రెండో సంతకం హిల్లెవి పెట్టాలి. కూలినవాటిని తానే కోస్తానని ఆమె మొండికేసింది.

"కొంటే ఇది కొను," సిక్స్‌టెన్ డెబ్బై సీసీ రంపాన్ని ముందుకు తోశాడు. గొలుసు తిరిగే దాని పట్టీ ఇరవై అంగుళాలు. "దీన్ని మోయలేకపోతే సంతకం పెట్టు. బావి దగ్గర పడ్డ చెట్టు ఎంత లావుందో చూశావా? నాన్నయితే ఇదే కొనేవాడు."

"కొన్నాడుగా," అంది హిల్లెవి.

ఆమెకు అరవై ఒకటి. పన్నెండో ఏటి నుంచి తండ్రి కొట్టిన చెట్ల కొమ్మలు గొడ్డలితో నరికింది. తర్వాత బడి వంటశాలలో ఇరవై రెండేళ్ళు బంగాళాదుంపలు ఉడికించింది. అప్పుడు కూడా చలికాలం శనివారాలు అడవిలోనే గడిచాయి. తండ్రి రంపం ఊళ్ళో అన్నిటికన్నా పెద్దది. స్మోలాండ్ ప్రాంతపు మగవాళ్ళంతా చేసే తప్పే ఆయనా చేశాడు: తన అడవిలో అన్నిటికన్నా లావు చెట్టును చూసి రంపం కొన్నాడు. ఆ చెట్టును ఒక్కసారి కొట్టాడు. రంపాన్ని మాత్రం మిగిలిన వేల చెట్ల వెంట మోశాడు. ఏళ్ళ తరబడి ఆ రంపం అదురుకు నరాలు దెబ్బతిని, యాభై దాటేసరికి, చలి తగిలితే చాలు, ఆయన వేళ్ళు సున్నం వేసినట్టు తెల్లబడేవి. చేతిలో కప్పు నిలిచేది కాదు. హిల్లెవి పట్టుకుని కాఫీ తాగించేది. అప్పటికే సిక్స్‌టెన్ పట్నంలో ఉద్యోగంలో ఉన్నాడు.

ఫోల్కే గొంతు సవరించుకున్నాడు. "ఇద్దరికీ మధ్యలో పోతే, ఈ బ్యాటరీది ఉంది హిల్లెవీ. తేలిక. చప్పుడుండదు. ఆడవాళ్ళు ఎక్కువగా ఇదే..."

"మధ్యాహ్నానికి బ్యాటరీ అయిపోతే అడవిలోకి కరెంటు తీగ నువ్వు లాక్కొస్తావా ఫోల్కే?"

ఫోల్కే మళ్ళీ కాఫీ తాగాడు.

ఆమె మూడోదాన్ని, యాభై సీసీ రంపాన్ని, ముందు పిడి ఒక్కటే పట్టుకుని ఎత్తింది. రంపం ముక్కు కిందికి వాలలేదు, పైకి లేవలేదు. పదిహేను అంగుళాల పట్టీ బల్లకు సమానంగా నిలిచింది. తర్వాత పెద్దదాన్ని అలాగే ఎత్తింది. దాని ముక్కు తక్కున కిందికి వంగింది. "చూశావా, నాన్న కప్పులాగే," అంది.

"దుకాణంలో ఎత్తడం కాదు. కోసి చూపించు."

పెరట్లో పరీక్ష కోసం ఫోల్కే కొమ్మలు తియ్యని స్ప్రూస్ మాను ఒకటి పడేసి ఉంచుతాడు. హిల్లెవి గొలుసు తగిలినా తెగని పాత పంట్లాం ఇంటి నుంచే వేసుకొచ్చింది. సిక్స్‌టెన్ ఫోల్కే పంట్లాం, హెల్మెట్ అరువు తీసుకున్నాడు.

ముందు అతనే మొదలుపెట్టాడు. పెద్ద రంపం మాను చివరను వెన్న కోసినట్టు ఒక్క ఊపులో కోసింది. అతను తల తిప్పి అక్క వైపు చూశాడు. తర్వాత కొమ్మలు. ఒక్కో కొమ్మకూ రంపాన్ని ఎత్తడం, దించడం. ఏడో కొమ్మకు మూపులు పైకి లేచాయి. తొమ్మిదోది కోస్తుండగా పొడుగు పట్టీ ముక్కు మానుకు అవతల కనపడని కొమ్మకు తగిలింది. రంపం ఒక్కసారిగా మొహం మీదికి ఎగిరింది. బ్రేకు పడి గొలుసు ఆగింది. సిక్స్‌టెన్ రంపాన్ని మెల్లగా నేల మీద పెట్టి, చేతుల వైపు చూసుకున్నాడు.

"తగిలిందా?" హిల్లెవి దగ్గరికి వచ్చింది.

"లేదు."

ఆమె యాభై సీసీ రంపాన్ని నేల మీద ఆనించి స్టార్ట్ చేసింది. ఎత్తలేదు. రంపం బరువంతా మాను మీదే వేసి, కుడి తొడ ఆసరాగా జరుపుకుంటూ పోయింది. ఇటు కొమ్మ, పై కొమ్మ, అటు కొమ్మ. పొట్టి పట్టీ మాను అంచు దాటి జానెడు మాత్రం కనపడుతోంది. కొస ఎక్కడుందో ఆమెకు తెలుస్తూనే ఉంది. మాను చివరికి వెళ్ళి ఆపేసరికి ఊపిరి కొంచెమే పెరిగింది.

"బావి దగ్గర చెట్టో? అరవై సెంటీమీటర్లు," అన్నాడు సిక్స్‌టెన్. గొంతులో ఇందాకటి జోరు లేదు.

"ఇటు నుంచి సగం, అటు నుంచి సగం. దానికి తొందరేం లేదు, పడే ఉందిగా."

"సరే కొయ్యి. ఒంటరిగా మాత్రం ఎవరూ కొయ్యరు అడవిలో. నాన్న కూడా కొయ్యలేదు. నీ పక్కన ఎవరుంటారు?"

ఫోల్కే కప్పు దించాడు. ఆ మాటకు ఎదురు చెప్పడం ఎవరి తరమూ కాదని అతనికి తెలుసు.

హిల్లెవి చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకుంది.

"ఇదే తీసుకుంటున్నా ఫోల్కే. రెండు గొలుసులు ఎక్కువ వెయ్యి. ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను. సోమవారం పొద్దున ఏడింటికి మొదలు. వీడి తలకు పట్టే హెల్మెట్ కూడా ఒకటి తియ్యి."