గంజి కేంద్రంలో గోనె తెర

1952. ఆలూరుకు పడమటనున్న ఒక పల్లె. వానల్లేవు. ఎలక్షన్లు అయిపోయినా ఊళ్లో రెండు పార్టీలు అట్లాగే మిగిలాయి. ఊరి చావడిలో సర్కారువాళ్లు కరువు గంజి కేంద్రం పెట్టినప్పుడు, ఇంట్లో నాన్న నేర్పిన నాలుగు అక్షరాల పుణ్యాన నాకక్కడ పని దొరికింది. వండించడం, కొలిచి పోయడం, పేర్లు రాయడం. ఆకలిగొన్నవాళ్ల గంజి నా చేతిమీదుగా పోయేట్టు చేసినందుకు రోజూ పొయ్యి వెలిగించే ముందు దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. ఆ కృతజ్ఞత నాకిప్పటికీ ఉంది. కోపమూ ఉంది.

మస్టర్ అంటే రోడ్డు పనిలో కంకర కొట్టేవాళ్ల హాజరు పట్టీ. గంజి మస్టర్లో ఉన్నవాళ్లకేనా, అందరికీనా అన్నది ఊరి పెద్దలనే తేల్చుకోమన్నారు. తూర్పు వీధి పెద్ద హనుమంతప్ప, "పని చేయకుండా తాగేది అలవాటైతే ఊరు సోమరిదైతాది" అనేవాడు. పడమటి వీధి నాగిరెడ్డి, "ఆకలికి మస్టర్ ఏందప్పా?" అనేవాడు. అది తేలేదాకా వచ్చినవాళ్లందరికీ పోసేదాన్ని. రెండింటిలోనూ న్యాయముంది. ఇద్దరూ చెడ్డవాళ్లు కారు. కానీ చెరొక పార్టీ కావడంతో, ముంత పట్టుకొచ్చినవాళ్లంతా నాగిరెడ్డి మనుషులు, రానివాళ్లంతా హనుమంతప్ప మనుషులు అయిపోయారు. గంజి తాగడమే ఓటు వేయడమైంది.

ఈరమ్మ తూర్పు వీధి మనిషి, ఒంటరి. కంకర కుప్ప జారి కాలు వాచింది, మస్టర్ నుంచి పేరు పోయింది. నాలుగు రోజులుగా ఆమె పొయ్యి వెలగలేదని తెలిసి వెళ్లాను.

"రా అక్కా, నేను పోస్తా" అన్నాను.

"పని చేయకుండా యాడ తాగేది సుబ్బమ్మా? హనుమంతప్ప మాటే నిజమని నేనూ అంటి. ఇప్పుడు నా కడుపు కాల్తాదని మాట మార్చల్లా?"

"ప్రాణం కన్నా మాట ఎక్కువా?"

"నువ్వు గంజి కొలువు. నన్ను కొలవొద్దు."

గంజి కేంద్రం దాటి బయటికి పోకూడదని రూలు. ఈరమ్మ కోసం ఒక్కసారి వదలమని పెద్దలిద్దరినీ అడిగాను. "ఒకరికి వదిల్తే అందరికీ వదిలినట్టే కదమ్మా" అన్నాడు హనుమంతప్ప. నాగిరెడ్డి నవ్వాడు. "ఈడికే రానీ. నలుగురూ చూస్తాండగా తాగనీ. వాళ్ల మాట ఎంతదో అప్పుడు తెలుస్తాది."

ఆకలికి మస్టర్ ఏందన్న మనిషి ఈయనే! నాకు ఒళ్లు మండింది.

మర్నాడు ఈరమ్మను కట్టె ఊతంతో నడిపించుకొచ్చి, ముందర జొన్నల చేట పెట్టాను. "రాళ్లు ఏరు. ఇదీ పనే."

"రాసుకుంటావా?"

"రాస్తా."

ఆమె చూస్తుండగానే రాశాను. రాళ్లు ఏరింది. గంజి తాగింది. మరునాడూ అంతే.

మూడో రోజు నాగిరెడ్డి చావడి అరుగెక్కాడు. "చూసినారా! తూర్పు వీధోళ్లే వచ్చి మన గంజి తాగుతాండారు!" ఆ మాటకు హనుమంతప్ప మనిషొకడు, "ఏమ్మే ఈరమ్మా, ముంత గంజికే పార్టీ మారితివే?" అన్నాడు. జనం నవ్వారు. ఈరమ్మ సగం తాగిన ముంత కింద పెట్టింది. చేయి పట్టుకుంటే విడిపించుకుంది. చేటలో మిగిలిన రాళ్లన్నీ ఏరి, అప్పుడు లేచి వెళ్లిపోయింది.

మర్నాడు ఖాళీ గోనె సంచులు విప్పి, కలిపి కుట్టి, అరుగుకూ గంజి పోసే చోటుకూ మధ్య తెర కట్టాను. తాగేదెవరో అరుగు మీదివాళ్లకు కనపడకూడదు. ఎవరు కట్టమన్నారని పెద్దలిద్దరూ ఒక్కటై అడిగారు. మొదటిసారి ఒకే మాట మీదికి వచ్చారు మహానుభావులు! "నేనే కట్టినా. విప్పేటోళ్లు వచ్చి ఈ గరిటె పట్టుకోండి" అన్నాను. ఎవరూ రాలేదు.

అక్కణ్ణుంచి నేరుగా ఈరమ్మను పిలవడానికి పోయాను. తలుపుకు అడ్డంగా ముళ్లకంప ఉంది.

"తెల్లారే పోయెనమ్మా, వలసోళ్ల వెంట. ఆ కాలుతోనే" అంది పక్కింటామె.

తర్వాత ఆమె కబురు నాకు తెలియలేదు. తెర చాటున తూర్పు వీధివాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఆ వారంలోనే గంజి కాచే గుండిగ ఒకటి చాలక రెండోది ఎక్కించాం.

మనిషి తన నమ్మకం వదులుకోకుండానే తినగలిగే దారి ఒకటుంటుంది. వాదానికి దిగేముందు దాన్ని వెతకాలని నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ కేంద్రంలో పనిచేసినా పొయ్యికంటే ముందు తెర కట్టించాను. ఆ గోనెలు కుట్టడానికి నాకు ఒక్క పూట పట్టింది. దానికి ముందు ఆ ఇద్దరి న్యాయాలూ వింటూ, తల ఊపుతూ, నెల రోజులు కూర్చున్నాను.