కార్డుకు పెట్టిన బొట్టు

మా అత్త చేతి బొట్టు అంత తేలిగ్గా దొరికేది కాదు. దసరా నాడు పనిముట్లన్నీ కడిగి వరుసగా పెడితే నాగలికీ, బోరు స్టార్టరుకూ, మా ఆయన బండికీ, మరిది బండికీ తనే పసుపు రాసి కుంకుమ పెట్టేది. నా కుట్టు మిషన్ దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం నా చేతికిచ్చి, "నీదానికి నువ్వే పెట్టుకో బిడ్డా, నాకు నడుం వంగుతలేదు" అనేది. వనపర్తిలో సగం పేటకు జాకెట్లు కుట్టిన మిషన్ అది. నాగలి దగ్గర వంగే నడుం మిషన్ దగ్గర ఎందుకు వంగదో నాకు అర్థమయ్యేది కాదు.

అలాంటి మనిషి, మేం కాశీ, నేపాల్ యాత్రకు బయలుదేరే పొద్దున మా యారాలి బ్యాంకు కార్డుకు బొట్టు పెట్టింది!

యారాలంటే నా మరిది భార్య, సర్కారు బడిలో టీచరు. జీతం బ్యాంకులో పడేది కాబట్టి ఆ కార్డు ఇచ్చారు. అప్పటికి మా ఇంట్లో అదొక్కటే. యాత్ర బస్సు గద్వాల నుంచి. మగవాళ్ళు పల్లిచేనుకు నీళ్ళు పెట్టాలని ఆగిపోతే అత్తా, మేమిద్దరం వెళ్ళాం. నేపాల్‌లో మన ఐదువందల నోటు తీసుకోరనీ, వందలే తెచ్చుకోవాలనీ బస్సాయన ముందే చెప్పాడు. మా యారాలు నవ్వి కార్డు తీసి చూపించింది.

"ఇండియాల, నేపాల్‌ల నడుస్తదని దీని మీదనే రాసుంది అత్తమ్మా. ఆడ ఏటీఎంల పెడితే ఆ దేశం పైసలే వస్తయి."

అత్త కళ్ళు ఇంతింతయ్యాయి. కార్డును దేవుడి పటాల ముందు పెట్టి, ముందూ వెనకా తడి పసుపు పూసి, కుంకుమ అద్ది, "పరాయి దేశంల మా పరువు నిలబెట్టు తల్లీ" అని దండం కూడా పెట్టింది. నా కడుపు భగ్గుమంది. పెళ్ళయి వచ్చిన దగ్గరి నుంచి ఆ ఇంట్లో చాకిరీ చేసిన మిషన్‌కు లేని బొట్టు నిన్నగాక మొన్న వచ్చిన ప్లాస్టిక్ ముక్కకా?

దారి పొడుగునా అదే వరస. మెట్లు కనబడితే నా భుజం పట్టుకునే అలవాటు అత్తకు. ఈసారి మా యారాలి చెయ్యి పట్టుకుంది. బస్సులో సీటు కూడా ఆమె పక్కనే. "కార్డు ఆమె కాడుంది, నేను ఆడనే కూసుంట" అనేది. కాశీలో అత్త తడిబట్టలు పిండింది మాత్రం నేను. అక్కడ ఇష్టమైనదొకటి వదలాలంటే వంకాయ వదిలాను. కుళ్ళుమోతుతనం వదలమని ఎవరూ అడగలేదు, అడిగినా వదిలేదాన్ని కాదు.

ఖాట్మండులో చలి ఎముకల్లోకి దిగింది. అత్తకు పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఒక దుకాణంలో ఉన్ని శాలువా నచ్చింది. వందలన్నీ అప్పటికే అయిపోయాయి, మిగిలిన పెద్ద నోట్లను దుకాణం అతను వద్దని వెనక్కి నెట్టాడు.

"గీ నోట్లు నడవకుంటె ఏందీ? పదండి, మా కోడలి కాడ కార్డుంది" అని అత్త ముందు నడిచింది.

మా యారాలు ఏటీఎంలో కార్డు పెట్టింది. అది బయటికి వచ్చేసింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ వచ్చేసింది. వెనక జనం విసుక్కుంటున్నారు. "అక్కా, తీసుకుంటలేదు" అని నా వైపు తిరిగింది. నిజం చెప్పొద్దూ, నాకు పాయసం తాగినట్టయింది.

కానీ అత్త వణుకు చూశాక కార్డు లాక్కుని తిప్పి చూశాను. వెనక నల్లటి గీత మీద పసుపు ఎండి పెచ్చు కట్టి ఉంది.

"ఇన్ని రోజులు గిట్లనే పెట్టుకున్నవా? తుడవరాదూ?"

"అత్తమ్మ చేతి బొట్టు అక్కా, ఎట్ల తుడుస్త?"

"వద్దు బిడ్డా! ముత్తైదువలు బొట్టు తుడుసుడేంది?" అని అత్త చలిలోనే అరిచింది.

నేను వినలేదు. నోటి ఆవిరి ఊది కొంగుతో గట్టిగా రుద్దాను. వనపర్తిలో బయలుదేరినప్పటి నుంచి ఆ బొట్టు మీద నా చెయ్యి దురద పెడుతూనే ఉంది మరి. గీత శుభ్రమైంది. ముందు వైపు తుడవాల్సిన పని లేదు, అయినా తుడిచాను. ఎర్రటి మరక ఒక్కటి కూడా మిగలనివ్వలేదు.

ఈసారి డబ్బులు వచ్చాయి. అత్త నా వైపు చూడనైనా చూడకుండా, "నా బంగారు తల్లి!" అని మా యారాలి బుగ్గలు పుణికింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న! శాలువా కప్పుకుని అత్త ఆమె చెయ్యి పట్టుకునే బస్సెక్కింది. నేను కుంకుమ అంటిన కొంగు దోపుకుని వెనకాల ఎక్కాను.

ఇంటికి వచ్చాక చేసిన మొదటి పని, జాకెట్ల డబ్బుతో వనపర్తి బ్యాంకులో ఖాతా తెరిచి కార్డు తీసుకోవడం. నేపాల్ కాదు గదా, నాగర్‌కర్నూల్ దాకా పోయే పని కూడా లేదు నాకు. అయినా తీసుకున్నాను. ఎందుకో మీకు తెలుసు.

దసరా వచ్చింది. అత్తకు నడుం వంచే కష్టం లేకుండా ఎత్తుపీట వేసి, దాని మీద తువ్వాలు పరిచి, నా కార్డు పెట్టాను. అత్త నాగలికి పెట్టింది, స్టార్టరుకు పెట్టింది, బండ్లకు పెట్టింది. పీట దగ్గరికి వచ్చి కుంకుమలో వేలు ముంచింది. నేను పీటను ఇంకాస్త ముందుకు జరిపాను.

వేలు ఆగిపోయింది.

"అయ్యో, దీనికి బొట్టు పెడితే పైసలు రావు గద బిడ్డా! ఆనాడు నువ్వే తుడిచి సూపిస్తివి, యాది మరిసినవా?"

ఆ వేలు తన కొంగుకు తుడుచుకుని, పళ్ళెం నా చేతిలో పెట్టింది.

"ఇగో, మిషన్‌కు నువ్వే పెట్టుకో. నాకు నడుం వంగుతలేదు."