మావయ్యల బ్యాండుతో బిలాస్‌పూర్

మా భిలాయ్‌లో ముగ్గురు మావయ్యలకు ఒక బ్యాండు ఉండేది. గిటారు వాయిస్తూ పాడే ఆయన స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. బేస్ గిటారు ఆయనకు క్యాంప్ 1లో టైలరింగ్ షాపు. డ్రమ్ముల ఆయన చరోదాలో రైల్వే ఉద్యోగి. ముగ్గురూ శ్రీకాకుళం వైపు వాళ్ళే. నాకు చుట్టాలు కాకపోయినా మావయ్యలే. విశాఖ రేవు నుంచి ఎవరో తెచ్చిన విదేశీ క్యాసెట్లు విని, ఎనభైల మొదట్లో మొదలుపెట్టారట. బేస్ గుండెల మీద గుద్దినట్టు మోగేది. గిటారు రేకును గీకినట్టు గరగరలాడేది. పాటలు మాత్రం మన యాసలోనే, షిఫ్టుల గురించీ సైరన్ గురించీ. పెళ్ళిళ్ళకు వాళ్ళను ఎవరూ పిలిచేవారు కాదు. అలాంటి సంగీతాన్ని పోస్ట్-పంక్ అంటారని మాకు తెలిసేసరికి వాళ్ళు పన్నెండేళ్ళుగా అదే వాయిస్తున్నారు.

మాది కాలేజీ బ్యాండు. సెక్టర్ 4 క్వార్టర్లలో పెరిగిన ముగ్గురం. కేబుల్ టీవీలో ఆల్టర్నేటివ్ రాక్ చూసి పిచ్చెక్కినవాళ్ళం. పాడుతూ గిటారు వాయించేవాడొకడు, బేస్ మీద వాడి తమ్ముడు, డ్రమ్ముల వెనక నేను. తొంభైల మధ్యలో ఒక చలికాలం, క్రేన్ మావయ్య మా ప్రాక్టీసుకొచ్చి చివరిదాకా నిలబడి విన్నాడు.

"మాతో వచ్చీండి. మూడూళ్ళు తిరుగుదాం," అన్నాడు. "ముందర మేం వాయిస్తాం. జనాలకి కోపమొస్తే మా మీద తీర్చీసుకుంటారు. అప్పుడు మీరు ఎక్కండి."

చరోదా మావయ్య భార్య కూడా వస్తోందని చెబితే అమ్మ ఒప్పుకుంది. నాన్నకు మాత్రం నేను ప్రోగ్రాం చూడటానికి వెళ్తున్నానని చెప్పింది.

మొదటి ఊరు రాజ్‌నంద్‌గావ్. అక్కడ జనం సినిమా పాటలు పాడమని అరిచారు. వేరుశనగ తొక్కలు విసిరారు. క్రేన్ మావయ్య చొక్కా దులుపుకుని, అదే పాటను ఇంకాస్త గట్టిగా మళ్ళీ మొదటి నుంచి పాడాడు. ఆ మొండితనం చూసి నాకు నవ్వూ వచ్చింది, ధైర్యమూ వచ్చింది.

రెండో ఊరు బిలాస్‌పూర్. మధ్యాహ్నం ఒక కాలనీ హాల్లో ప్రోగ్రాం. నేను డ్రమ్ములు బిగించుకుంటుంటే కమిటీ పెద్దమనిషి ఒకాయన వచ్చి, నాతో కాకుండా మా గిటారిస్టుతో హిందీలో మాట్లాడాడు. ఫ్యామిలీలు వస్తున్నాయట. ఆడపిల్ల అలా కాళ్ళూ చేతులూ ఆడిస్తూ వాయిస్తే బాగుండదట. చరోదా మావయ్యే రెండు బ్యాండ్లకీ వాయిస్తే సరిపోతుందట.

మా గిటారిస్టు తల గోక్కున్నాడు. "ఏక్ దిన్ కీ తో బాత్ హై, యార్," అన్నాడు నాతో. ఒక్కరోజే కదా సర్దుకోమని!

నా చెవులు మండాయి. చేతిలో కర్రలు పట్టుకుని స్టేజీ మెట్ల మీద కూర్చుండిపోయాను. ఏడిస్తే ఆయన చూస్తాడని ఏడవలేదు.

చరోదా మావయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఏటే గుంటా, మా పాటలన్నీ వొచ్చా నీకు?"

"వచ్చు మావయ్యా."

ఆయన లేచి కమిటీ ఆయన దగ్గరకు వెళ్ళి, కుడిచెయ్యి పట్టుకుని మూలిగాడు. "నొప్పి, సాబ్. ఈరోజు నేను వాయించలేను." ఆ చేత్తోనే పొద్దున్న ట్రంకుపెట్టెలు మోశాడు. క్రేన్ మావయ్య ఒక్క క్షణం ఆలోచించి నా వైపు తిరిగాడు. "అయితే ఈయేళ మా డ్రమ్మరు నువ్వే. ఎక్కు."

ఎక్కాను. మొదటి పాటలో తడబడ్డాను, రెండోదానికి చేతులు కుదిరాయి. మూడో పాట సగంలో ఉండగా మైకూ గిటార్లూ ఒక్కసారి మూగబోయాయి. కమిటీ ఆయన మెయిన్ స్విచ్ కట్టేశాడు. టైలర్ మావయ్య బేస్ తీగ లాగితే టిక్కుమని మాత్రమే అంది.

డ్రమ్ములకు కరెంటు అక్కర్లేదు కదా. నేను ఆపలేదు.

క్రేన్ మావయ్య మైకు కింద పెట్టి స్టేజీ అంచుకొచ్చాడు. ప్లాంటు మోతలో ఇరవై ఏళ్ళు కేకలేసిన గొంతు అది. హాలు వెనక గోడ దాకా వెళ్ళింది. కొందరు పిల్లల్ని లాక్కుని వెళ్ళిపోయారు. కొందరు ఈలలేశారు. ముందు వరసలో చరోదా అత్తయ్య చెప్పులు విప్పి, నా దెబ్బకు సరిగ్గా కాలు నేలకేసి కొట్టడం మొదలుపెట్టింది. ఆమె పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళూ అందుకున్నారు. ఏడు పాటలూ పూర్తిచేశాం.

చివర్లో మా గిటారిస్టు తనంతట తానే స్టేజీ ఎక్కాడు. నా మొహం చూడలేకపోయాడు. "ముఝ్‌సే గల్తీ హో గయీ," అని తప్పు ఒప్పుకుని, మా పాటలు కూడా మైకు లేకుండానే పాడాడు. వాడి గొంతు రెండో పాటకే పోయింది. అయినా ఆపలేదు.

రాయ్‌పూర్‌లో గొడవేం జరగలేదు. కానీ మేం ఇల్లు చేరేలోపే బిలాస్‌పూర్ కబురు సెక్టర్ 4కి చేరిపోయింది. నాన్న గుమ్మంలోనే నిలబెట్టి అడిగాడు.

"చూడ్డానికెళ్ళావా, వాయించడానికెళ్ళావా?"

"వాయించడానికే నాన్నా."

"నలుగురూ ఏటనుకుంటారే?"

"అనుకోనీ. ఆళ్ళు స్విచ్చి కట్టేసినా నేను ఆపలేదు. ఇప్పుడు నువ్వు చెప్పినా ఆపను."

నాన్నతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. నేను ఒక్కరోజు కూడా ప్రాక్టీసు మానలేదు.

ఏడాది తిరక్కుండానే మా కాలేజీ బ్యాండు చెదిరిపోయింది. అన్నదమ్ములిద్దరూ పుణే వెళ్ళిపోయారు. మావయ్యల బ్యాండులో మాత్రం నేను నాలుగేళ్ళు వాయించాను, చరోదా మావయ్యా నేనూ ఊరు మార్చి ఊరు. బిలాస్‌పూర్ కమిటీ మమ్మల్ని మళ్ళీ పిలవలేదు. మేం మరుసటి ఏడాదే ఆ ఊరికి వెళ్ళి, హాలు అడక్కుండా, స్టేషను బయట చెట్టుకింద వాయించి వచ్చాం.